నా ఓటు కేటలీనాకి

రెండో ప్రపంచ యుద్ధపు విమానాలతో ఆన్‌లైన్‌లో కొట్టుకునే వాళ్ల మధ్య ఎప్పటికీ తీరని తగువు ఒకటుంది. ఆటలో కొత్తగా ఏ విమానం పెట్టాలి? ఎవర్నడిగినా దాదాపు ఒకటే లిస్టు చదువుతారు: టా 152, డోర్నియర్ 335, బేర్‌క్యాట్. అన్నీ మహా వేగంగా పోయేవే. అన్నీ పెళ్లయిపోయాక వచ్చిన మేళాలే. 1945 ఆగస్టులో యుద్ధం ఆగిపోయేసరికి బేర్‌క్యాట్ల మొదటి స్క్వాడ్రన్ ఇంకా దారిలోనే ఉంది. టా 152లు చేసిందే వందలోపు.

ఇలాంటివి పెడితే ఏమవుతుందో ఏసెస్ హైలో చూశాను. ఎఫ్4యు-1సి అని కోర్సెయిర్‌లో ఒక రకం ఉంది, నాలుగు 20 మి.మీ. ఫిరంగులతో. నిజంగా తయారైనవి 200. ఆటలో మాత్రం ఆకాశంలో ఎటు చూసినా అవే! చివరికి కంపెనీవాళ్లు దాన్ని పెర్క్ విమానం చేశారు, అంటే మామూలు విమానాల్లో పాయింట్లు సంపాదించుకుంటే తప్ప ఎక్కనివ్వరు. మన భాషలో చెప్పాలంటే, డిజైన్‌లో చేసిన తప్పుకి ప్రొడక్షన్‌లో వేసిన ప్యాచ్.

అసలు ఒక విమానం పెట్టడమంటే బొమ్మ గీసి రెక్కలు తగిలించడం కాదు కదా. కాక్‌పిట్ చెయ్యాలి, ఏ ఎత్తులో ఎంత వేగమో లెక్క కట్టాలి, ఎక్కడ గుండు తగిలితే ఏం ఊడుతుందో చెప్పాలి. అంత పని పడుతుంది కాబట్టే ఏది ముందు అన్నది పెద్ద ప్రశ్న. మా ప్రాజెక్టులో ఒకసారి క్లయింటు పెద్దాయన అడిగాడని మూడు నెలలు కూర్చుని రంగురంగుల డ్యాష్‌బోర్డు కట్టాం. డెమోలో చప్పట్లు కూడా పడ్డాయి. తర్వాత దాన్ని తెరిచిన వాళ్లు లేరు. రోజూ వాడే వాళ్లు అడిగిన చిన్న రిపోర్టు మాత్రం అలాగే పెండింగులో ఉండిపోయింది. టా 152 పేరు విన్నప్పుడల్లా నాకా డ్యాష్‌బోర్డే గుర్తొస్తుంది.

నేనైతే విమానాన్ని కాదు, అది ఎవరితో తలపడిందో చూస్తాను. బ్రూస్టర్ బఫెలో సంగతే తీసుకోండి. మలయాలో జపాన్ వాళ్ల చేతిలో చిత్తుగా ఓడింది. అదే బ్రూస్టర్లు ఫిన్లాండ్ 44 కొనుక్కుని రష్యన్ల మీద చెలరేగిపోయింది. ఎదురుగా ఎవరున్నారో చెప్పకుండా మంచి విమానం, చెడ్డ విమానం అంటే అర్థమేముంది?

నాకు కావలసింది 1942 ఏప్రిల్. మా అమ్మమ్మది విశాఖపట్నం. ఏప్రిల్ 6న ఊరి మీద జపాన్ బాంబులు పడితే, సామాను బండికెత్తి విజయనగరం వైపు పారిపోయారట. ఆ విమానాలు ర్యూజో అనే నౌక మీంచి లేచిన కేట్లు. అదే రోజు కాకినాడ మీదా పడ్డాయి. అంతకు ముందు రోజు ఇంకో జపాన్ దండు కొలంబో మీద పడింది. అక్కడ హరికేన్లు, ఫుల్మార్లు ఎదురెళ్లాయి. టార్పెడోలు మోసుకుని అటుగా వస్తున్న ఆరు స్వోర్డ్‌ఫిష్‌లు జీరోల కంట పడి ఆరూ కూలిపోయాయి.

నేనాడిన రోజుల్లో కేట్ ఉండేది, జీరో ఉండేది, హరికేన్ కూడా ఉండేది. అంటే మా అమ్మమ్మ మీద బాంబులేసిన విమానాన్ని నేను ఎన్నోసార్లు నడిపాను (ఆవిడకి చెప్పలేదు లెండి). లేనివి ఫుల్మార్, స్వోర్డ్‌ఫిష్, అన్నిటికన్నా ముఖ్యంగా కేటలీనా.

కేటలీనా నీళ్ల మీద దిగే విమానం, పెద్ద బాతులా ఉంటుంది. వేగం లేదు, ఎవర్నీ తరిమి కొట్టలేదు. కానీ ఏప్రిల్ 4న సముద్రం మీద గంటలకొద్దీ వెతికి కొలంబో వైపు వస్తున్న ఆ దండుని కనిపెట్టింది అదే. నడిపినవాడు లియోనార్డ్ బిర్చాల్ అనే కెనడా ఆయన. సందేశం పంపుతుండగానే జీరోలు కూల్చేశాయి, యుద్ధం అయ్యేదాకా జపాన్ చెరలో ఉన్నాడు. కొలంబోకి ఒకరోజు ముందే తెలిసింది. ఆటలో ఈ వెతుకులాట ఎక్కడుంది? రెండు నిమిషాల్లో కొట్లాటలో పడిపోతాం.

మా ఫ్రెండుతో ఇదంతా అంటే, "గంటసేపు ఖాళీ సముద్రం చూడ్డానికి నెలకి 15 డాలర్లు ఎవడు కడతాడు బాబూ?" అన్నాడు. నిజమే, పోస్టరు మీద జెట్ విమానం వేస్తే వచ్చినంత మంది బాతుని వేస్తే రారు, కంపెనీ నడవాలి కదా. అందుకే ముందు ఫుల్మార్ పెట్టమంటాను, అదైనా ఎనిమిది మెషిన్ గన్లున్న ఫైటరే. ఆ తర్వాత కేటలీనా. నౌకల్ని కనిపెట్టి, సందేశం పూర్తిగా పంపిన వాడికి నాలుగు విమానాలు కూల్చినన్ని పాయింట్లు ఇవ్వండి. సముద్రం చూడ్డానికి ఎంతమంది వస్తారో అప్పుడు చూద్దాం. మా ఫ్రెండు సంగతి నాకు తెలుసు, పాయింట్లంటే ముందు వాడే ఎక్కుతాడు.