కొత్త గ్రాఫిక్స్ కార్డు కన్నా ముందు సెట్టింగులు: వడ్డాది విద్యార్థులకు, తల్లిదండ్రులకు విజ్ఞప్తి

ఆట మధ్యలో తెర తడబడగానే కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలని పిల్లలు పట్టుబట్టడం, చెరకు బిల్లు కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు అందుకోసం అప్పు వెతుక్కోవడం వడ్డాదిలో గాని, చోడవరంలో గాని జరగనవసరం లేని విషయాలు. ముందు కొలవాలి, తరువాత సెట్టింగులు సరిచేయాలి, అప్పటికీ కుదరకపోతేనే కొనుగోలు మాట ఎత్తాలి అన్నదే ఈ కరపత్రం కోరేది.

ఒక సెకనులో తెరపై మారే చిత్రాల సంఖ్యను ఫ్రేమ్ రేటు అంటారు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో చిత్రం దాదాపు 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. పాత్రల కదలికలను, వాహనాల గమనాన్ని లెక్కగట్టేది ప్రాసెసర్ కాగా, ఆ లెక్కల ప్రకారం తెరమీది చుక్కలకు, అంటే పిక్సెళ్లకు, రంగులు దిద్దేది గ్రాఫిక్స్ చిప్పు కనుక, ఈ రెండింటిలో ఆలస్యం ఎక్కడ జరుగుతోందో తెలియకుండా కార్డు మార్చితే డబ్బు వృథా అయ్యే ప్రమాదముంది.

ఆ సంగతి తేల్చే పరీక్షకు పైసా ఖర్చు లేదు. 1920×1080 రిజల్యూషన్‌లో 20,73,600 పిక్సెళ్లు ఉంటే 1280×720లో ఉండేవి 9,21,600 మాత్రమే. ఆటలో ఒకే చోట నిలబడి రిజల్యూషన్‌ను ఇలా తగ్గించినప్పుడు ఫ్రేములు బాగా పెరిగితే భారం గ్రాఫిక్స్ చిప్పు మీద ఉన్నట్టు, పెద్దగా మారకపోతే ప్రాసెసర్ మీద ఉన్నట్టు భావించవచ్చు. పరీక్ష ముగిశాక రిజల్యూషన్‌ను యథాస్థితికి తెచ్చి, నీడలు, ప్రతిబింబాలు, అంచుల గరుకుదనాన్ని నునుపు చేసే యాంటీ అలయాసింగ్, కాంతికిరణాల దారిని లెక్కించే రే ట్రేసింగ్ వంటివాటిని ఒక్కొక్కటిగా తగ్గిస్తూ, ప్రతి మార్పు తరువాత అదే చోట మళ్లీ కొలవాలి. అన్నీ ఒకేసారి 'లో'కు దించితే అందం పోతుందే తప్ప దోషి ఎవరో తేలదు. 2015లో పీసీకి వచ్చిన జీటీఏ 5 ఇందుకు మంచి ఉదాహరణ: నగరంలో సాఫీగా సాగిన ఆట పల్లెప్రాంతంలో గడ్డి దట్టంగా ఉన్న చోట కుంటుపడితే, గ్రాస్ క్వాలిటీని తగ్గించడంతోనే చాలావరకు తేరుకుంటుంది. వస్తువుల ఉపరితలాలపై పరిచే చిత్రాలైన టెక్స్చర్ల విషయం వేరు. కార్డులోని సొంత మెమరీ సరిపడినంతవరకు వాటిని ఎక్కువలో ఉంచినా పెద్ద నష్టం లేదు.

ల్యాప్‌టాప్ వాడేవారు మరొకటి గమనించాలి. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు యంత్రం తన శక్తిని తానే కుదించుకుంటుంది; ఎండాకాలపు వేడికి, ఫ్యాను రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము తోడైనప్పుడు కూడా అదే జరుగుతుంది. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 సార్లే చిత్రాన్ని మారుస్తుంది కనుక, ఫ్రేములకు 60 వద్ద హద్దు పెడితే వేడి కూడా తగ్గుతుంది. విడి కార్డు లేని యంత్రాల్లో గ్రాఫిక్స్ చిప్పు ప్రధాన ర్యామ్‌నే పంచుకుంటుంది. అక్కడ ఒకే ర్యామ్ ముక్క ఉంటే దానికి జతగా మరొకటి వేయడం, తక్కువ ఖర్చుతో కనిపించే ఫలితమిచ్చే పని.

కంప్యూటర్లు బాగుచేసే దుకాణదారులు కొత్త కార్డు చూపించే ముందు ఈ పరీక్షను కొనుగోలుదారు ఎదుటే చేసి, వచ్చిన అంకెలను చీటీ మీద రాసివ్వాలి. ఇంజినీరింగ్ చదువుతున్న విద్యార్థులు సెలవులకు ఊరు వచ్చినప్పుడు ఇరుగుపొరుగు పిల్లల పక్కన కూర్చుని ఈ కొలత నేర్పాలి. ఆ అంకెలు చూడకుండా తల్లిదండ్రులు డబ్బు ఇవ్వకూడదు.