కథకి పిలక పుట్టింది!

ఏమ్మా, మీ ఇంట్లోనూ ఇదే వరసా? పొయ్యి మీద పులుసు పొంగుతోంది, కాస్త చూడవే అంటే అమ్మాయి ఫోన్లోంచి తలెత్తదు. అంత కొంప మునిగే పనేమిటా అని చూస్తే, ఏదో మాయలూ మంత్రాల సీరియల్ కి కొత్తది వస్తోందట, దాని తేదీ చెప్పారట! ఇంకా రాని కథ గురించి స్నేహితురాళ్ళతో గంటలకొద్దీ చర్చ. "ఈ ఎదురుచూపులో సగం పరీక్షల మీద పెడితే బాగుండును" అని మీరు విసుక్కోవడమూ మామూలే.

విసుక్కునే ముందు, ఆ పిల్లలు దేనికోసం చూస్తున్నారో ఒక్కసారి చూద్దాం రండి.

ఇప్పుడు ఎక్కడ విన్నా "స్పిన్ ఆఫ్" అనే మాట వినిపిస్తోంది. కంగారు పడకండి, పెరట్లో అరటిచెట్టు చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. తల్లిచెట్టు పక్కనే పిలక లేస్తుంది కదూ? అలాగే బాగా ఆదరణ పొందిన ఒక కథలోంచి ఒక పాత్రనో, ఒక చోటునో తీసుకుని పక్కన ఇంకో కథ నడపడమే ఇది. వేరు ఒకటే, గెల మాత్రం వేరు.

అమెరికాలో 2011లో "వన్స్ అపాన్ ఎ టైమ్" అనే సీరియల్ మొదలైంది. పేరుకి అర్థం మన "అనగనగా" అనే. స్నో వైట్ లాంటి పాత కథల్లో వాళ్ళందరూ శాపం తగిలి, తామెవరో మరిచిపోయి, ఈ కాలపు చిన్న ఊళ్ళో బతుకుతుంటారు. అది జనానికి నచ్చింది. 2013 అక్టోబరులో దానికొక పిలక వేశారు, "వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ వండర్‌లాండ్" అని. 1865లో లూయిస్ కరోల్ రాసిన ఆలిస్ కథని ఇందులో తిరగరాశారు. ఆలిస్ పెద్దదవుతుంది, సీసాలో ఉండే భూతాన్ని ప్రేమిస్తుంది. ఆ ప్రియుడు కనబడకుండా పోతే తనే వెతుక్కుంటూ బయలుదేరుతుంది. మధ్యలో అరేబియా కథల మంత్రగాడు జాఫర్ అడ్డు తగులుతాడు. తల్లి సీరియల్ చూసినవాళ్ళు దీనికోసం ఎంతో ఆశగా ఎదురుచూశారు. తీరా చూస్తే 13 భాగాలతో 2014 ఏప్రిల్లో సరి! తల్లిచెట్టు మాత్రం 2018 దాకా కాసింది. ప్రతి పిలకా గెల వెయ్యదు సుమండీ.

ఆలిస్ కథలో అల్లావుద్దీన్ భూతాన్ని కలపడం భలే కొత్త ఆలోచన అనుకుంటున్నారా? ఆ వంట మన వాళ్ళు 1951లోనే వండి వడ్డించేశారు. అదే "పాతాళ భైరవి". మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లోంచి కొంత, అల్లావుద్దీన్ దీపం కథలోంచి కొంత తీసుకుని కలిపిన సినిమా అది. దీపం పోయి కోరికలు తీర్చే బొమ్మ వచ్చింది, దూరదేశపు మాంత్రికుడు పోయి నేపాళ మాంత్రికుడు వచ్చాడు, పేదింటి కుర్రాడు తోటరాముడయ్యాడు. దీనికి మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు గారు ఎక్కడ పుట్టారనుకున్నారు? మన రాజాంలోనే, 1901లో! మొన్నటిదాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండి 2022లో విజయనగరం జిల్లాకి మారిన రాజామే. సంగీతం కూర్చిన ఘంటసాల గారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవారు. "డింభకా" అనే మాట ఈనాటికీ మన ఇళ్ళలో సరదాగా వినబడుతోందంటే, ఆ కలపడంలో పాళ్ళు అంత బాగా కుదిరాయన్నమాట.

ఇక ఎదురుచూపు సంగతి. కాశీమజిలీ కథలకి అసలు ఆధారమే అది. మణిసిద్ధుడనే ఆయన కాశీకి వెడుతూ, తోడు రమ్మని ఒక గొల్లపిల్లవాణ్ణి అడుగుతాడు. ఆ పిల్లవాడు ఊరికే వస్తానంటాడా? మజిలీ మజిలీకీ ఒక కథ చెప్పాలని షరతు పెడతాడు. అంటే కథ మీది ఆశే వాణ్ణి కాశీదాకా నడిపించింది. పిల్లలకి అన్నం తినిపించేటప్పుడు "ఈ ముద్ద తింటే తరవాతది చెబుతా" అని మీరు పెట్టే షరతు కూడా అదే కదా!

1947 జులైలో వచ్చిన "చందమామ" ఈ ఆశని నెలనెలా పెంచింది. దాసరి సుబ్రహ్మణ్యం గారి "తోకచుక్క", "రాకాసిలోయ" లాంటి సీరియల్స్ కోసం పిల్లలేమిటి, పెద్దవాళ్ళూ తపాలా బంట్రోతు దారి కాసేవారు. ఇంటికి ఒక్క పుస్తకం వస్తే నలుగురు లాక్కునేవారు. ఆ పుస్తకం అట్టల మీద రాకుమార్తెలనీ దేవతలనీ అంత అందంగా చిత్రించిన వడ్డాది పాపయ్య గారు 1921లో శ్రీకాకుళంలో పుట్టినవారే. చందమామ ఇప్పుడు రావడం లేదు. ఆ ఆశ మాత్రం వేరే గుమ్మాల ముందు నిలబడుతోంది.

"బాహుబలి"నే తీసుకోండి. 2015లో కట్టప్ప కత్తి దూసినప్పటినించి 2017 ఏప్రిల్ దాకా దేశమంతా ఒకటే ప్రశ్న వేసుకుంది. ఆ చెట్టుకీ పిలకలొచ్చాయి. 2017లో శివగామి చిన్నతనం మీద ఆనంద్ నీలకంఠన్ నవల, అదే ఏడాది బొమ్మల సీరియల్, 2024లో మరో బొమ్మల సీరియల్. శివగామి కథని సీరియల్ గా తీస్తామని 2018లో ప్రకటించారు కానీ ఆశ పెట్టుకున్నవాళ్ళకి అది దక్కలేదు.

ఇక్కడ మనం, ముఖ్యంగా ఆడవాళ్ళం, గమనించాల్సిన విషయం ఒకటుంది. ఈ పిలకలు ఎక్కడ మొలుస్తున్నాయో చూడండి. పాత కథలో చీకట్లో ఉండిపోయిన చోట! రాజమాత గానే మనం చూసిన శివగామి, చిన్నపిల్లగా ఏమేం పడింది? కలలో తిరిగొచ్చిన ఆలిస్, పెద్దయ్యాక ఎవర్ని వెతికింది? రాకుమారుడు వచ్చేదాకా మేడ మీద కూర్చోవడం మానేసి, వాళ్ళే దారి పట్టారు. మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని చిన్నపిల్లలు కూడా చెబుతారు. మరి కన్నకొడుకు పెరిగి పెద్దవాడై వచ్చేదాకా చెరలో ఉన్న ఆ తల్లి ఏమాలోచించింది, ఎలా నెట్టుకొచ్చింది? ఈ ప్రశ్న మీ అమ్మాయి అడిగితే మురిసిపోండి. కథకి పిలక పుడుతోందని అర్థం.

కానీ ఆ ప్రశ్న రావాలంటే ముందు బాలనాగమ్మ ఎవరో తెలియాలి కదా! అసలు చిక్కంతా అక్కడే ఉంది. బెల్లం ఆవకాయలో తీపి ఎక్కువైందో తక్కువైందో చెప్పాలంటే, ఆ రుచి ఎరిగిన నాలుకై ఉండాలి. తిరగరాసిన కథ కూడా అంతే. మూలకథ తెలిసినవాళ్ళకే మార్పులోని చమత్కారం అందుతుంది. 1985లో దూరదర్శన్ లో "విక్రమ్ ఔర్ బేతాళ్" వచ్చినప్పుడు హిందీ ముక్క రాని అమ్మమ్మలు కూడా హాయిగా చూశారంటే, ఆ కథలు ముందే వాళ్ళ నోట ఉన్నాయి కాబట్టే. ఈనాటి పిల్లలకి స్నో వైట్ తెలుసు, ఆలిస్ తెలుసు. మన వైపు రాత్రిళ్ళు జముకుల కథలు చెప్పేవారని తెలియదు. తల్లిచెట్టు ఎండిపోతే పిలక ఎక్కణ్ణించి వస్తుంది?

అందుకని ఫోను లాక్కోకండి. రాబోయే ఆ కథేమిటో పిల్లల్నే చెప్పమనండి, మీరు ఊ కొట్టండి. తరవాత మీ వంతు. రోజూ రాత్రి పక్కలు వేశాక పావుగంట చాలు. పుస్తకం భాష వద్దు, "అప్పుడేటయిందంటే" అని మన యాసలోనే చెప్పండి, ఆ రుచి వేరు. ఇంట్లో అత్తగారో అమ్మో ఉంటే, వాళ్ళు చెబుతుండగా అదే ఫోనులో రికార్డు చేసి ఉంచండి. కథని ఒక్కరోజులో పూర్తి చెయ్యకండి. రాక్షసుడు గుహ తలుపు తీసే చోట ఆపి దీపం ఆర్పెయ్యండి.

మర్నాడు పొద్దున్న పళ్ళు తోముకుంటూనే "ఆ తరవాత ఏటయిందే అమ్మా?" అని పిల్లలు మీ కొంగు పట్టుకుంటారు. చెప్పకండి. రాత్రిదాకా ఆగమనండి!