సరస్వతి ఆకూ, అత్తగారి భోజనమూ

"మా కోడలు నాకు రెండు రోజులుగా అన్నం పెట్టలేదమ్మా!" అని మా అత్తగారు పక్కవాటా పిన్నిగారితో చెబుతున్న సమయానికి, నేను వంటింట్లో ఆవిడ తిన్న కంచమే కడుగుతున్నాను. పిన్నిగారు గుమ్మంలోంచి నా వంక ఒక చూపు చూశారు. కాలేజీలో అరవైమంది పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పేదాన్ని, ఆ చూపు ముందు నిలబడలేకపోయాను.

అత్తయ్యకు 78 ఏళ్లు. గజేంద్రమోక్షం ఎత్తుకుంటే ఇప్పటికీ ఒక్క అక్షరం తప్పుపోదు. ఎమ్.ఏ. చదివిన నేను పుస్తకం వెతుక్కోవలసినచోట ఆవిడ కళ్లు మూసుకుంటే చాలు. అటువంటి మనిషి గంట క్రితం తిన్న అన్నం మరచిపోయారంటే ఎవరు నమ్ముతారు? నేనే నమ్మలేదు. కావాలని సాధిస్తున్నారనుకున్నాను. ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఇక సలహాలు మొదలైనాయి. ఏమాట కామాటే చెప్పుకోవాలి, పిన్నిగారే సరస్వతి ఆకు తెచ్చి పచ్చడి చేసి పెట్టమన్నారు. మా మరిది పసుపు మహిమను గురించి ఫోనులో ఏదో పంపాడు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు గింకో మాత్రల సీసా పంపుతూ, "చెట్టుమందు వదినా, మేలు చెయ్యకపోయినా కీడు చెయ్యదు" అన్నది.

చెట్టుమందు కీడు చెయ్యదా? మన పెరటిగోడ పక్కన మొలిచే ఉమ్మెత్తనే చూడండి. సంస్కృతంలో దానిపేరు ఉన్మత్తం. ఆ మాటే మన నోట్లో నలిగి ఉమ్మెత్త అయింది. కాయ తిన్నవాడు మతి తప్పి, లేని మనుషులతో మాట్లాడతాడు. ఎందుకని? మెదడులో ఒక కణంనుంచి మరో కణానికి కబురు మోసే పదార్థాలలో అసిటైల్‌కోలిన్ అనేది ఒకటి. కొత్త సంగతి మనసులో నాటుకోవాలంటే దీని అవసరం చాలా ఉంది. ఉమ్మెత్తలోని స్కోపొలమిన్ ఆ కబురు చేరవలసిన గుమ్మాన్ని మూసేస్తుంది. 1974లో అమెరికాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆరోగ్యవంతులైన పడుచువాళ్లకు స్కోపొలమిన్ కొద్దిగా ఇచ్చి చూస్తే, వాళ్ల జ్ఞాపకం కొంతసేపు ముసలివాళ్ల జ్ఞాపకంలాగే తడబడింది. మరి రెండేళ్లకు, ఆల్జైమర్స్ జబ్బుతో పోయినవారి మెదళ్లలో అసిటైల్‌కోలిన్ తయారుచేసే ఎంజైము బాగా తగ్గిపోయి ఉంటుందని బ్రిటనులో కనుక్కున్నారు.

కబురు మోసేది తగ్గిపోయినప్పుడు చేయగలిగినదేమిటి? మిగిలి ఉన్నదాన్ని త్వరగా చెరిగిపోకుండా కాపాడుకోవాలి. కబురు అందగానే దాన్ని తుడిచివేసే ఎంజైము ఒకటి మన ఒంట్లోనే ఉంది. ఆ తుడిచే చేతిని కాసేపు పట్టుకుని ఆపగలిగిన మందు, చిత్రంగా, మళ్లీ మొక్కల్లోనే దొరికింది. ఆఫ్రికాలో, ఇప్పటి నైజీరియాలోని కాలబార్ ప్రాంతంలో ఒకరకం చిక్కుడు గింజ ఉంది. నేరం మోపబడినవాడిచేత దాన్ని మింగించేవారట. కక్కుకుని బ్రతికితే నిర్దోషి, చస్తే దోషి! ఆ విషపుగింజలోనుంచి 1864లో ఫైసోస్టిగ్మిన్‌ను వేరుచేశారు. ఉమ్మెత్త విషానికి దాన్ని విరుగుడుగా కూడా వాడారు. దాని పోలికమీదనే తరువాతి కాలంలో రివాస్టిగ్మిన్ తయారయింది.

ఇటువంటిదే మరొకటి స్నోడ్రాప్ అనే పువ్వునుంచి వచ్చింది. చలిదేశాలలో మంచు పూర్తిగా కరగకముందే తల ఎత్తే తెల్లని పువ్వది. 1950ల మొదట్లో సోవియట్ శాస్త్రజ్ఞులు అందులోని గాలంటమిన్‌ను పరీక్షించారు. బల్గేరియాలో పాస్కోవ్ అనే ఆయన దానిని నరాల బలహీనతకు మందుగా తెచ్చాడు. ఆల్జైమర్స్‌కు వాడవచ్చునని అమెరికా అనుమతించింది మాత్రం 2001లో. వేల్స్ కొండలమీద ఈ మందుకోసమే డాఫొడిల్స్ సాగుచేసిన రైతులున్నారు.

అయితే ఈ మందులు కబురును కాస్త నిలబెడతాయే గాని, చచ్చిపోతున్న కణాన్ని బ్రతికించవు. కొందరికి కొంతకాలం కొంచెం మేలు, అంతే. ఆ కొంచెమైనా, మొక్కలోనుంచి ఒక్క పదార్థాన్ని వేరుచేసి, తూచి, వేలమందిమీద పరీక్షించి చూస్తేగాని తేలలేదు.

గింకోకూ అటువంటి పరీక్షే పెట్టారు. 75 ఏళ్లు దాటిన 3069 మందిని ఆరేళ్లపాటు గమనించి 2008లో ఫలితం ప్రకటించారు. మాత్ర వేసుకున్నవారికీ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ జబ్బు రావడంలో తేడా లేదు. పైగా అత్తయ్య గుండెకోసం ఆస్పిరిన్ వేసుకుంటారు. దానితో గింకో కలిస్తే రక్తం కారే ప్రమాదం పెరగవచ్చునని డాక్టరుగారు సీసా పక్కన పెట్టించారు. పసుపు ఒంటికి పట్టేదే బహు తక్కువ. సరస్వతి ఆకు పచ్చడి మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ చేస్తాను. రుచికోసం.

ఇంతకూ డాక్టరుగారు మొదట చేసిన పని కొత్త మందు ఇవ్వడం కాదు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ సంచిలో వేసుకు రమ్మన్నారు. థైరాయిడూ, బి-12 పరీక్షలు చేయించారు. అవి తగ్గినా మతిమరుపు వస్తుందట, సరిదిద్దితే తేరుకోవచ్చునట. తరువాత సంచిలోనుంచి ఒక మాత్ర తీసి, "ఇది ఎవరిస్తున్నారు?" అన్నారు.

నేనే ఇస్తున్నాను. దురదకని మొదలుపెట్టిన పాతరకం మాత్ర. నిద్ర బాగా పడుతోంది గదా అని ఏడాదిగా రాత్రిళ్లు ఇస్తూనే ఉన్నాను. అది కూడా, చిన్న ఎత్తున, ఉమ్మెత్త చేసే పనే చేస్తుందట! మూయవలసిన అవసరం లేని గుమ్మాన్ని నా చేత్తోనే మూస్తూ వచ్చానన్నమాట. ఆయన చెప్పినట్టు దాన్ని మాన్పించాక అర్ధరాత్రి లేచి వీధి తలుపు తీయబోవడం తగ్గింది. మతిమరుపు తగ్గలేదు. అది ఆల్జైమర్సేనని తేలింది. మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షలమంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో ఒక అంచనా వెలువడింది. వాళ్ల ఇళ్లల్లో ఎందరు కోడళ్లు, "అన్నం పెట్టనిది" అనిపించుకుంటున్నారో!

ఇప్పుడు అత్తయ్య వీపున రోజూ ఒక పట్టీ అంటిస్తాము. అందులో ఉన్నది ఆ కాలబార్ గింజకు మనుమరాలివంటి మందే. వంటింట్లో ఒక పలక కూడా వేలాడదీశాను. భోజనం కాగానే వేళా, కూర పేరూ రాస్తాను. కింద ఆవిడచేత సంతకం పెట్టిస్తాను. మొన్న మధ్యాహ్నం పిన్నిగారు వచ్చేసరికి ఆవిడ మళ్లీ అదే మాట ఎత్తుకోబోయారు. పిన్నిగారే చెయ్యిపట్టుకుని పలక దగ్గరకు తీసుకువెళ్లారు. అత్తయ్య కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు.

"సంతకం నాదే. కూరలో ఉప్పు తక్కువై ఉంటుంది, అమ్మాయ్! అందుకే గుర్తులేదు" అన్నారు.