బంగారక్క గొంతు

కొత్తచెరువు బస్టాండు దగ్గర టీ కొట్టులో ఒక కుర్రాడు ఫోన్లో స్టాండప్ కామెడీ చూస్తున్నాడు. బెంగళూరులో పనిచేస్తూ పండక్కి ఊరొచ్చినవాడు. మగ కమెడియన్ మాట్లాడినంతసేపూ పడీపడీ నవ్వాడు. తర్వాతి వీడియోలో ఒక అమ్మాయి మైకు పట్టుకుంది. రెండో మాట పూర్తికాకముందే బొటనవేలితో పైకి తోసేశాడు.

"ఏమప్పా, నచ్చలేదా?" అన్నాను.

"ఆడోళ్లు జోకేస్తే నవ్వు రాదన్నా. వాళ్లకు అది చేతకాదంతే."

బోండాలు వేస్తున్న పెద్దాయన కూడా తలూపాడు. సూర్యుడు తూర్పున పొడుస్తాడన్నంత ధీమా ఇద్దరికీ.

నేను వాదనకు దిగలేదు. ఎందుకంటే ఆ కుర్రాడి జేజి నాకు తెలుసు.

తొలకరికి ముందు విత్తనానికి చెనక్కాయలు వలిచే రోజుల్లో ఆమె అరుగు మీద పదిమంది ఆడవాళ్లు చేరతారు. మిషన్లో వేస్తే పప్పు మీది పొర చిరిగి మొలక దెబ్బతింటుందని విత్తనాల మట్టుకు చేత్తోనే వలుస్తారు. వేళ్లు మండే పని. కాసేపటికి జేజి రెండు కాయల కొసలు చిట్లించి చెవి తమ్మెలకు కరిపిస్తుంది. అవి కమ్మలు. అంతే, ఆమె ఊళ్లో ఆసామి భార్య అయిపోతుంది. కొంగు సర్దుకుని, నీడలో కూర్చున్నట్టు కాళ్లు చాపి, "నాకు ఎండలో నిలబడితే కండ్లు తిరుగుతాయమ్మే. నీకు ఆ బాధ లేదు, నీవి పుట్టినప్పటినుంచీ తిరుగుతానే ఉండాయి" అంటుంది. అని ఊరుకుంటుంది. కాయలు చిట్లే చప్పుడు ఆగిపోయేదాకా ఊరుకుంటుంది. అప్పుడు ఇంకో మాట వదులుతుంది. ఎప్పుడు ఆగాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఇంతలో వాకిట్లో మగమనిషి దగ్గు వినపడితే చెవుల కమ్మలు ఊడి చాటలో పడతాయి. అరుగు మీద మళ్లీ చిటచిట తప్ప ఇంకేమీ వినిపించదు. మనవడు ఆ దగ్గు తర్వాతి నిశ్శబ్దాన్నే విన్నాడు. ఆడవాళ్లకు హాస్యం రాదని అందులోంచే తేల్చుకున్నాడు.

నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదని మనకొక సామెత. దానికి పురాణ ప్రమాణంగా మయసభను చూపిస్తారు. ద్రౌపది నవ్వింది కాబట్టే కురుక్షేత్రం జరిగిందని హరికథల్లో, వీధినాటకాల్లో విని పెరిగాం. 1977లో ఎన్టీఆర్ 'దానవీరశూరకర్ణ' ఆ నవ్వును తెర నిండా చూపించింది. మరి సంస్కృత భారతంలో సభాపర్వం తిప్పి చూడండి. దుర్యోధనుడు నీళ్లలో పడ్డ చోట కథకుడు చెప్పే నవ్వు భీముడిది, అర్జునుడిది, కవలలది, నౌకర్లది. ద్రౌపది పేరు అక్కడ లేదు. ఆ పేరు తర్వాత వస్తుంది, దుర్యోధనుడు తండ్రి దగ్గర కూర్చుని గోడు వెళ్లబోసుకునేటప్పుడు. అంటే జారిపడ్డవాడి వాంగ్మూలంలో. అందులో కూడా కృష్ణార్జునులు నవ్వారన్న మాట ఉంది. ఇంతమంది మగవాళ్లు నవ్వితే పద్దెనిమిది అక్షౌహిణుల చావు ఒక్క ఆడదాని ఖాతాలో రాసేశాం.

ఇంకా తమాషా నాట్యశాస్త్రంలో ఉంది. ఆరో అధ్యాయంలో భరతుడు హాస్యరసం గురించి చెబుతూ, ఇది ఎక్కువగా స్త్రీలలోనూ నీచప్రకృతుల్లోనూ కనిపిస్తుందన్నాడు. నవ్వుల్ని ఆరు రకాలు చేసి, పళ్లు కనపడని చిరునవ్వు ఉత్తములకు ఇచ్చి, ఒళ్లు కుదుపుకుంటూ నవ్వే నవ్వుల్ని అధములకు పంచాడు. అంటే నవ్వు తక్కువరకం సరుకుగా ఉన్నన్నాళ్లూ అది ఆడదాని సొత్తు. దానికి టికెట్టు పెట్టి, మైకు పెట్టి, పారితోషికం పెట్టాక అది ఆడదానికి చేతకాని విద్య అయిపోయింది. రెండు నమ్మకాలూ ఒకదానికొకటి పొసగవు. పొసగాల్సిన అవసరం కూడా లేదు, రెండింట్లోనూ ఆడది కిందే ఉంది కాబట్టి.

ఇక్కడినుంచి ధర్మవరం వైపు వెళితే నిమ్మలకుంట వస్తుంది. తోలుబొమ్మల ఊరు. 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావుది ఆ ఊరే. తోలుబొమ్మలాటలో రామాయణం ఎంత గంభీరంగా నడుస్తున్నా మధ్యలో జుట్టుపోలిగాడు, కేతిగాడు, బంగారక్క దిగిపోతారు. బంగారక్క నోటికి అడ్డూ ఆపూ ఉండదు. మొగుణ్ణి, మొగుడు కానివాణ్ణి, ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషుల్ని కలిపి ఉతికేస్తుంది. ఆమెకు గొంతిచ్చేది తెర వెనక కూర్చున్న ఆడమనిషే. ఊరంతా తెల్లవార్లూ ఆ గొంతుకు నవ్వింది. ముఖం కనపడనంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. 2013లో టీవీలో 'జబర్దస్త్' మొదలైనప్పుడు లెక్క తిరగబడింది. చీర ఆడదానిది, గొంతు మగవాడిది. స్కిట్లలో భార్యలూ అత్తలూ చాలాకాలం మీసం గీసుకున్న మగవాళ్లే. హాస్యానికి ఆడపాత్ర కావాలి, ఆడమనిషి మాత్రం అక్కర్లేదు.

ఆడవాళ్ల పాటల్లో 'లక్ష్మణదేవర నవ్వు' అని ఒకటుంది. వెల్చేరు నారాయణరావు 1991లో ఆడవాళ్ల రామాయణ పాటల మీద రాసిన వ్యాసంలో దాని గురించి చెప్పారు. పద్నాలుగేళ్లు కన్ను మూయని లక్ష్మణుడికి నిండు సభలో నిద్రాదేవి కనిపిస్తుంది. ఫక్కున నవ్వుతాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. ఇక గుమ్మడికాయల దొంగ సామెతే. నెత్తిన గంగను పెట్టుకున్నందుకు శివుడు, అన్నను చంపించినందుకు సుగ్రీవుడు, ఇంటిగుట్టు చెప్పినందుకు విభీషణుడు, ఎవరి భుజాలు వాళ్లు తడుముకుంటారు. చివరికి రాముడికీ అనుమానమే. ఇంతమంది దేవుళ్లను ఒక్క నవ్వుతో తలదించుకునేలా చేసిన పాటను ఆడవాళ్లు ఇళ్లల్లో పాడుకుంటూ వచ్చారు. స్టాండప్‌కు ఇంతకన్నా మంచి ఎత్తుగడ నాకు తెలియదు.

ఆడవాళ్లకు హాస్యం రాదనే ఈ జాడ్యం భక్తులకే ఉందనుకుంటే పొరపాటు. దేవుణ్ణి ఏకిపారేసిన క్రిస్టఫర్ హిచెన్స్‌ను మన హేతువాదులు నెత్తిన పెట్టుకుంటారు. నేనూ పెట్టుకున్నాను. ఆయన 2007లోనే 'వానిటీ ఫెయిర్' పత్రికలో ఆడవాళ్లు ఎందుకు నవ్వించలేరో వివరిస్తూ వ్యాసం రాశాడు. ఆడదాన్ని మెప్పించాలి కాబట్టి మగవాడికి హాస్యం అవసరం, ఆడదానికి ఆ అవసరం లేదు, ఇదీ ఆయన సిద్ధాంతం. ఇదే తరహా రుజువుతో ఏ పూజారైనా వచ్చి ఉంటే హిచెన్స్ వాకిట్లోనే నిలబెట్టి నాలుగు దులిపేవాడు.

సరే, మనం రుజువులే చూద్దాం. మనకు రుచించనివి కూడా చూడాలి. గ్రీన్‌గ్రాస్ అనే పరిశోధకుడి బృందం 2020లో 28 అధ్యయనాలను, 5,057 మంది ఫలితాలను కలిపి లెక్క తీసింది. సగటున మగవాళ్ల హాస్యానికి కొంచెం ఎక్కువ మార్కులు పడ్డాయి. వందమంది మగవాళ్లలో 63 మంది సగటు స్త్రీ కన్నా పైన ఉన్నారు. తేడా ఏమీ లేకపోతే 50 మంది ఉండాలి. ఈ లెక్కను నేను కాదనను. అయితే మిగిలిన 37 మంది మగవాళ్లు సగటు స్త్రీ కన్నా కిందే ఉన్నారు కదా. వాళ్లలో ఎవరినీ "నీకు పుట్టుకతోనే రాదు" అని స్టేజీ మీదినుంచి ఎవరూ దించరు.

పైగా తేడా ఉందన్నంత మాత్రాన అది పుట్టుకలోంచి వచ్చిందని కాదు. ఈ సంగతి మా వైపు రైతుకు చెప్పక్కర్లేదు. కదిరి పరిశోధన కేంద్రం ఇచ్చిన కె-6 విత్తనాన్నే ఒక చేలో బోరు కింద, పక్క చేలో ఆకాశాన్ని నమ్ముకుని వేస్తాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే నేల ఇది. ఎండిన చేను చూసి విత్తనాన్ని తిట్టేవాడికి సేద్యం తెలియదంటారు.

2012లో అచ్చయిన ఇంకో పరిశోధన నాకు ఎక్కువ నచ్చింది. శాన్‌డియాగోలో ఆడామగా చేత కార్టూన్లకు వ్యాఖ్యలు రాయించారు. ఐదు మార్కులకు మగవాళ్లు ముందున్నది దాదాపు 0.11. తర్వాత ఏ వ్యాఖ్య ఎవరు రాశారో గుర్తు చేసుకోమన్నారు. బాగా పేలినవి మగవాళ్లు రాశారనీ, పేలనివి ఆడవాళ్లు రాశారనీ జనం పొరబడ్డారు. ఇది కప్పకు పెళ్లి చేసినట్టే. వాన పడితే కప్ప మహిమ, పడకపోతే పూజలో లోపం. మగవాడి జోకు పేలకపోతే వాడొక్కడే చెత్త. ఆడదాని జోకు పేలకపోతే ఆడజాతే చెత్త.

అదే టీ కొట్టులో ఆ కుర్రాణ్ణి నీకు నచ్చిన కామెడీ సినిమా ఏదని అడిగాను. జంధ్యాల సినిమాలన్నాడు. 'శ్రీవారికి ప్రేమలేఖ' ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదన్నాడు. 1984 నాటి ఆ సినిమాకు మూలం 'ప్రేమలేఖ' అనే నవల. రాసింది పొత్తూరి విజయలక్ష్మి. చెబితే నమ్మలేదు, ఫోన్లో వెతికి చూసుకున్నాడు. "అది రాసేదన్నా, చెప్పేది వేరే" అన్నాడు. గోల్‌పోస్టు జరిగింది, అయినా జరిగినంతవరకు సంతోషం.

చెప్పేవాళ్లు లేకనా? పక్కన కదిరిలో పుట్టిన రమాప్రభ ఉంది. అత్తగారి కథలు రాసిన భానుమతి ఉంది. సూర్యకాంతం సంగతైతే మరీ విడ్డూరం. ఆమె నటనకు మూడు తరాలు నవ్వి, ఆ పేరును తిట్టుగా వాడుకున్నాయి. రేలంగికి 1970లో, అల్లు రామలింగయ్యకు 1990లో, బ్రహ్మానందానికి 2009లో పద్మశ్రీ వచ్చింది. సూర్యకాంతానికి రాలేదు. పక్కన తమిళంలో మనోరమకు 2002లో ఇచ్చారు.

స్టాండప్ పుస్తకం చదివి నేర్చుకునేది కాదు. రాత్రి పూట ఇరవైమంది ముందు నిలబడి, ఒక్కరూ నవ్వక, ముఖం మాడ్చుకుని దిగి, మర్నాడు మళ్లీ ఎక్కితే వచ్చేది. ఇక్కడ ప్రశాంతి నిలయం స్టేషన్లో రైలెక్కితే అలాంటి స్టేజీలున్న బెంగళూరు కొన్ని గంటల దూరం. మా ఊరి కుర్రాడు ఆ రాత్రి ఎక్కడో ఒకచోట పడుకుని తెల్లారి వస్తాడు. అదే ఊరి అమ్మాయి హాస్టల్ గేటు ఎన్నింటికి మూస్తారో ముందు కనుక్కోవాలి. జోకు వికటిస్తే వచ్చే శిక్షలోనూ తేడా ఉంది. 2021లో కమెడియన్ మునవర్ ఫారూఖీని ఇందోర్‌లో జైల్లో పెట్టారు, అది అన్యాయమే. 2020లో స్టాండప్ చేసే అగ్రిమా జాషువాకు మాత్రం ఒక పాత జోకు మీద అత్యాచారం చేస్తామని బెదిరింపులు వచ్చాయి. మగవాడి మాటను శిక్షిస్తారు. ఆడదానికైతే శిక్ష ఒంటి మీదికి వస్తుంది.

శ్రీరామనవమికి మీ ఊళ్లోనూ స్టేజీ వేస్తారు. ఆర్కెస్ట్రాకూ రికార్డింగ్ డాన్సుకూ గంటలు గంటలు ఇస్తారు. అందులో పది నిమిషాలు మీ ఊరి జేజికో, ఇంటర్ చదివే పిల్లకో మైకు ఇచ్చి చూడండి. దగ్గకుండా కూర్చోండి. అయిపోయాక ఆమె ఇల్లు చేరడానికి ఆటో ముందే మాట్లాడి పెట్టండి.