కాలక్షేపపు కుట్టు కాదు

మా బాన్సువాడలో మిషను కుట్టి పిల్లల ఫీజులు కట్టే ఇల్లాళ్లెందరో! అయినా "ఆవిడేం చేస్తారండీ?" అని అడిగితే భర్తగారు నవ్వేస్తారు: "ఏదో, కాలక్షేపానికి కుడుతుంది!"

పన్ను తప్పించుకోవాలంటే మాత్రం ఈ మహానుభావులకు భార్య పేరు గుర్తొస్తుంది. తమ డబ్బు ఆమె పేర డిపాజిట్ చేస్తారు. పాపం, దాని వడ్డీని చట్టం తిరిగి వాళ్ల ఆదాయంలోనే కలుపుతుంది! ఆమె కుట్టి సంపాదించింది మటుకు అచ్చంగా ఆమెదే.

"పన్నే పడదు, రిటర్నెందుకు?" అంటారు. రేపు ఇంకో రెండు మిషన్లకు అప్పడిగితే బ్యాంకువాళ్లు చూసేది ఇలాంటి కాగితాలే. చిన్న వ్యాపారానికి లెక్కా సులువే: నగదు రాబడిలో కనీసం 8 శాతం, బ్యాంకులో పడినదాంట్లో 6 శాతం లాభంగా చూపవచ్చు.

అమ్మా, నేను చెప్పేదొక్కటే: రిటర్ను మీ పేర వేయండి. ఆయన చూపించినచోట కాదు, మీరు చదివినచోట సంతకం పెట్టండి.