అప్పు, జప్తు, ఐ.పి. - రైతు తెలిసికొనవలసిన సంగతులు

వ్యవసాయశాఖ ఉద్యోగి వద్దకు రైతు వచ్చినాడనిన, తెగులును గురించియో ఎరువును గురించియో అడుగుననుకొందుము. కొంతకాలము క్రిందట మిరప సాగుచేయు రైతు ఒకాయన నా వద్దకు వచ్చి, సంచిలోనుండి మడతపెట్టిన కాగితమును తీసి చూపినారు. అది కోర్టు సమను. ప్రామిసరీ నోటుపై వేసిన దావా. "అమీను వచ్చి ఎడ్లను తోలుకుపోతాడన్నారండీ. వాళ్ళ పాలు కావడమెందుకని మొన్న సంతలో నేనే అమ్మేశాను" అన్నారు.

అప్పటికి చేనికి నెల రోజులు. గుంటక తోలవలసిన అదను. అద్దె ఎడ్లు దొరకునప్పటికి ముసురు పట్టినది. కలుపు పైరును మించిపోయినది. కూలీలకైన ఖర్చు ఆ ఎడ్ల ధరలో చాలవరకు తినివేసినది. ఆ కాగితమును చదివి సంగతి చెప్పగలవారు ఊరిలో ఒక్కరున్నను ఆ ఎడ్లు ఆయన కొట్టములోనే ఉండెడివి. దాచుకొననేల, ఆనాడు నాకును తెలియదు. తరువాత ప్లీడరు నడిగి తెలిసికొంటిని.

సమను వచ్చినంతమాత్రమున జప్తు రాదు. విచారణ జరుగవలెను, డిక్రీ కావలెను, డిక్రీదారు అమలు పిటీషను వేయవలెను. ఆ తరువాతనే జప్తు. అప్పుడైనను రైతుకున్నదంతయు జప్తు కాదు. సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను ప్రకారము కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలతోబాటు వ్యవసాయ పనిముట్లు, బ్రతుకుతెరువునకు అవసరమని కోర్టు తలచిన పశువులు, విత్తనపు గింజలు, రైతు స్వయముగా నివసించు ఇల్లు జప్తునకు లోబడవు. ఈ రక్షణ భూమి గలవానికే గాదు. సేద్యముపైననే ముఖ్యముగా ఆధారపడి బ్రతుకు కౌలుదారునకును, పాలివానికిని, వ్యవసాయ కూలీకిని గలదు. "ఈ హక్కు వదలుకొనుచున్నాను" అని ముందుగా కాగితము వ్రాయించుకొన్నను అది చెల్లదు. అయితే తనఖా పెట్టిన ఆస్తికి ఈ రక్షణ వర్తించదు. ఇల్లు తనఖా వ్రాసియిచ్చునపుడు ఈ సంగతి మరువరాదు.

తీర్పునకు ముందే జప్తు కోరు వీలు ఋణదాతకు ఒకటి కలదు. ప్రతివాది ఆస్తిని అమ్మివేయుచున్నాడనియో దాచివేయుచున్నాడనియో కోర్టును నమ్మింపగలిగినపుడు అట్టి ఉత్తరువు రావచ్చును. రైతు చేతిలోని పంటను మాత్రము ఆ విధముగా పట్టుటకు వీలులేదు. మన మిరప రైతు తొందరపడి ఎడ్లనమ్మి, లేని అనుమానమునకు తానే తావిచ్చినాడు.

అరెస్టు భయము మరియొకటి. అప్పు తీర్చలేనివానిని జైలులో పెట్టింతుమని బెదిరించువారు ఇప్పటికిని కలరు. శక్తియుండియు ఎగవేయువానిని, ఆస్తిని మోసముతో మరుగుపరచువానిని కోర్టు జైలుకు పంపవచ్చును గాని, నిజముగా లేనివానిని పంపరాదు. 1980లో సుప్రీంకోర్టు ఈ విషయమును స్పష్టపరచినది. డబ్బు డిక్రీ క్రింద స్త్రీలను అరెస్టు చేయుటకే వీలులేదు. ఖాళీ చెక్కుపై సంతకము చేసి ఇచ్చినవాని సంగతి వేరు. చెక్కు చెల్లక తిరిగివచ్చి, నోటీసు అందిన 15 దినములలో సొమ్ము కట్టనిచో అది క్రిమినల్ కేసు. రెండేండ్ల వరకు శిక్ష పడవచ్చును. అప్పు పుట్టుట ఎంత కష్టమైనను ఖాళీ చెక్కు మాత్రము ఇవ్వకుడని నా మనవి.

నూటికి రెండు రూపాయల వడ్డీ అనిన చిన్నదిగా తోచును. లక్షకు ఏడాదికి 24,000; మూడేండ్లకు అసలులో ముప్పాతిక భాగము దాటదుగాని దాదాపు అంతకు చేరి 72,000 అగును. కోరినపుడు చెల్లించు నోటుపై వ్రాసిన నాటినుండి మూడు సంవత్సరములలో దావా వేయవలెను. నడుమ కొంత చెల్లించి నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసినచో గడువు ఆనాటినుండి మరల మొదలగును. ఇది విని, చెల్లు వ్రాయకుండ చేతికిచ్చి వచ్చువారు కలరు. గడువు దాటునను ఆశతో, ఇచ్చిన రొక్కమునకే సాక్ష్యము లేకుండ చేసికొనుట తెలివిగాదు. దావా పడిన నాడు ఇచ్చినదంతయు ఇవ్వనట్లే అగును. బ్యాంకు ఖాతా ద్వారా చెల్లించుట అన్నిటికంటె మేలు.

తండ్రి అప్పునకు కొడుకు బాధ్యత ఎంతయని తరచు అడుగుదురు. తండ్రినుండి సంక్రమించిన ఆస్తి మేరకే. తండ్రి ఋణము తీర్చుట కొడుకు ధర్మమను పూర్వపు హిందూ న్యాయసూత్రముపై ఆధారపడి దావా నడుపుటకు, 2005 సెప్టెంబరు 9 తరువాతి అప్పుల విషయములో వీలులేదు.

ఇక ఐ.పి. సంగతి. "ఫలానావాడు ఐ.పి. పెట్టినాడు" అనిన మన పల్లెలలో దొంగతనము చేసినట్లు చెప్పుకొందురు. అది పూర్తిగా అన్యాయము కాదు. ఊరందరివద్ద అప్పుచేసి, పొలము భార్య పేరనో బావమరిది పేరనో పెట్టి కోర్టుకెక్కినవారు ఆ పేరు తెచ్చినారు. వారికి అప్పిచ్చినవారందరు వడ్డీ వ్యాపారులు కారు. వారిలో ఆడపిల్ల పెండ్లికని దాచుకొన్న తోటి రైతులును కలరు. కాని 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టము మోసగానికొరకు చేసినది కాదు. 2016లో దివాలా స్మృతి వచ్చినను సామాన్య వ్యక్తుల విషయములో దాని భాగము ఇంకను అమలులోనికి రాలేదు గనుక పాత చట్టమే నడుచుచున్నది. అప్పులు 500 రూపాయలకు తక్కువ కాకున్న చాలును, ఋణగ్రస్తుడు పిటీషను వేయవచ్చును. ఆ సొమ్ము నేడు ఒక డి.ఎ.పి. బస్తాకైనను చాలదు!

దివాలాదారునిగా ప్రకటింపబడినంతట అతని ఆస్తి రిసీవరు పాలగును. జప్తునకు లోబడని వస్తువులు మాత్రమే మిగులును. తనఖాదారు హక్కు చెక్కుచెదరదు. దివాలా పిటీషను వేయుటకు ముందు రెండేండ్లలోపల ప్రతిఫలము లేకుండ ఇతరులకు వ్రాసియిచ్చిన దస్తావేజులను కోర్టు రద్దుచేయవచ్చును. ఆస్తిని దాచినవానికి ఏడాది వరకు జైలు. కావున పొలము నిలుపుకొనదలచినవానికి ఐ.పి. దారి కాదు. పొలము లేక, తీర్చు మార్గము లేక, బెదిరింపులకు తాళలేక ప్రాణముపై ఆశ వదలుకొను స్థితిలోనున్న కౌలుదారునకు మాత్రము అది సిగ్గుపడవలసిన పని కాదని నా దృఢాభిప్రాయము. పురుగుమందు డబ్బా వైపు చూచుటకంటె కోర్టు వైపు చూచుట వేయిరెట్లు మేలు.

గ్రామాధికారులకు ఒక మాట. సమను తెచ్చినవానిని తప్పించుకొని తిరుగుమని సలహా చెప్పువారు ఊరిలో ఎందరో. అట్లు తిరిగిన ఫలితము ఎక్స్‌పార్టీ డిక్రీ. హాజరైనవాడు వాయిదాలుగా చెల్లించుటకు ఉత్తరువు కోరవచ్చును, లోక్ అదాలతులో రాజీపడవచ్చును. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, వరద లేక కరవు వాతబడినవారికి 1987 నాటి చట్టము క్రింద ప్లీడరు ఉచితముగా లభించును. రైతు సదస్సులలో మేము విత్తనశుద్ధిని గురించి గంటసేపు చెప్పుచున్నాము. అందులో అరగంట ఒక ప్లీడరునకు వదలుటకు నాకభ్యంతరము లేదు. పై అధికారులకు ఈ సంగతి వ్రాసియున్నాను.

ఆ మిరప రైతు వాయిదాకు హాజరైనారు. వడ్డీ కొంత తగ్గించి, నాలుగు కిస్తీలుగా కట్టునట్లు రాజీ కుదిరినది. రెండు కిస్తీలు కట్టినారు. ఎడ్లను ఇంకను కొనలేదు.