సగం ఫోటో ఎక్కడికి పోయింది?

దోసె ఒక పక్క ఎర్రగా కాలి, ఇంకో పక్క తెల్లగా ఉండిపోతే మనమేం చేస్తాం? పెనాన్ని సగం తిప్పి ఇంకో దోసె పోసి చూస్తాం. తెలుపు పెనంతోపాటు తిరిగిందా, తప్పు పెనానిది. ఉన్నచోటే ఉందా, పొయ్యిది. ఈపాటి తెలివి ఫోటోల దగ్గర కూడా ఉండి ఉంటే, ఒక అబ్బాయిని అన్యాయంగా మాటలనే వాళ్లం కాదు.

2003లో నాచారంలో మా పుట్టింట్లో మా అమ్మాయి తొట్టెల ఫంక్షన్. మావారి దగ్గర పెంటాక్స్ కె1000 కెమెరా ఉండేది. ఫ్లాష్ పెట్టి రీలంతా ఆయనే తీశారు. ఉప్పల్లో స్టూడియోకి ఇస్తే, చూసిన ప్రతి ప్రింట్లో ఒక పక్క నల్లటి పట్టీ! మా అమ్మ పాపనెత్తుకున్న ఫోటోలో అమ్మ మొహం సరిగ్గా ఆ నలుపులోనే పోయింది. "నెగెటివే అట్లుందమ్మా" అన్నాడు స్టూడియో అబ్బాయి. వింటేగా! కడగడం రాదని తిట్టి, మిగతా ప్రింట్లు వద్దని, డబ్బులు సగమే ఇచ్చి నెగెటివ్‌లు తెచ్చేసుకున్నాం.

మొన్న మా అమ్మాయి బీరువాలోంచి ఆ కెమెరా తీసింది. ఫిల్ము ఇప్పుడెంత ఖరీదో అడక్కండి. కడిగించి తెస్తే మళ్లీ అదే పట్టీ. అయితే ఎండలో తీసినవి బాగున్నాయి, ఇంట్లో ఫ్లాష్‌తో తీసినవే పాడయ్యాయి. అప్పుడు పాత నెగెటివ్‌లు ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశాం. ప్రింట్లో నల్లగా ఉన్నచోట నెగెటివ్‌లో ఏమీ లేదు, ఒట్టి నారింజ రంగు. అంటే అక్కడ వెలుతురే పడలేదు. కడిగినవాడి తప్పయ్యే ప్రశ్నే లేదు.

ఆ కెమెరాలో ఫిల్ము ముందు రెండు గుడ్డ తెరలుంటాయి. ఒకటి జరిగి తెరుస్తుంది, రెండోది వెనకే వచ్చి మూస్తుంది. స్పీడు 60 దాటితే మొదటిది పూర్తిగా తెరుచుకోకముందే రెండోది బయల్దేరుతుంది. ఎప్పుడు చూసినా సన్నటి సందే. ఎండలో ఆ సందు ఈ చివర నుంచి ఆ చివరకి జరుగుతూ వెలుతురు సమంగా పోస్తుంది. ఫ్లాష్ మాత్రం రెప్పపాటే, తెర అడ్డున్నంత మేర చీకటే. అందుకే ఫ్లాష్ పెడితే స్పీడు 60, లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. మావారు ఎండకని పెట్టిన 125 మార్చలేదు. ఆయన ఇప్పటికీ ఒప్పుకోరనుకోండి!

ఎండలోనే 500, 1000 స్పీడుల్లో ఒక పక్క మసకబారితే అది వేరు. లోపలి నూనె ఎండి తెరలు ఈడుస్తున్నాయన్నమాట. బాగుచేసేవాళ్లకివ్వండి, కుట్టుమిషన్ నూనె మాత్రం పోయకండి. ఎర్రటి చార ఫిల్ము అంచు చిల్లులదాకా పాకితే వెనక తలుపు స్పాంజి చివికినట్టు. తాకితే నల్లగా, జిగటగా అంటుకుంటుంది. నెగెటివ్ శుభ్రంగా ఉండి ప్రింటే పాడైతే, అప్పుడు స్టూడియోని అడగండి.

పాత నెగెటివ్‌లలో ఒకటి కెమెరాని నిలువుగా పట్టుకుని తీసింది. పెనం తిరిగినట్టే పట్టీ కూడా తిరిగి నేలమీద పడింది. పైన అమ్మ నవ్వుతూ ఉంది. ఆవిడ పోయి ఆరేళ్లు. ఆ ప్రింటు వేయించి హాల్లో పెట్టాం. ఆ స్టూడియో ఉన్నచోట ఇప్పుడు కర్రీ పాయింట్ ఉంది. ఆ అబ్బాయి ఎక్కడున్నాడో అక్కడ ఎవరికీ తెలీదు.